యాకిసోబా పోగులు తెగిన రోజు

నా చిన్నప్పుడు గౌలిపురలోని మా ఇంట్లో పొయ్యి మీద పాలు లేని పూట ఉండేది కాదు. ఇంటి వెనక నాలుగు బర్రెలు, వంటింట్లో కోవా కాచే పెద్ద మూకుడు. కోవా కలిపేటప్పుడు గరిటె ఒక్క క్షణం ఆగితే చాలు, అడుగంటేది. మా నానమ్మ తిట్లు మాడు వాసన కంటే ముందే వచ్చేవి. అందుకే మా ఇంటి ఆడపిల్లల చేతికి గరిటె ఇస్తే ఇక ఆగదు. ఎనిమిదేళ్లకే ఆ పని వచ్చేసిందని నాకు కాస్త పొగరు కూడా.

ఆ ఏడు అమ్మ మంచం పట్టింది. కొన్నాళ్లకు ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బాగైంది కాబట్టే పంపారని నేను సంబరపడ్డాను, అది కాదని నాకెవరూ చెప్పలేదు. కానీ అమ్మ గంజి కూడా ముట్టేది కాదు. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ పాల మధ్యే బతికిన మనిషి, పాల వాసనకే మొహం తిప్పుకునేది. తింటే లేచి కూర్చుంటుందని నా నమ్మకం.

మా చిన్నాయన ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో వంట చేసేవాడు. మిషన్లు బిగించడానికి వచ్చిన జపాన్ ఇంజనీర్లు అక్కడే ఉండేవారు. ఉడికించిన నూడుల్స్‌ను క్యాబేజీ, ఉల్లిగడ్డలతో పెనం మీద వేయించి, పుల్లగా తియ్యగా ఉండే నల్లటి సాస్ పోసే యాకిసోబా వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. ఒకరోజు సైకిలెక్కి పోయి వాళ్లను అడిగి ఒక పొట్లం నూడుల్స్, చిన్న సీసాలో సాస్ తెచ్చాడు. కొత్త రుచైతే వదిన నాలుగు ముద్దలు తింటుందేమోనని ఆయన ఆశ.

"గీ పోగులు ఎంత పొడుగుంటే తిన్నోళ్లకు గంత ఆయుష్షంట బిడ్డా. జపానోళ్లు చెప్పిన్రు" అన్నాడు నాతో. నాకింకేం కావాలి! ఒక్కో పోగు మూరెడుంది.

నూడుల్స్ పెనం మీద పడ్డాక లోపల అమ్మకు దగ్గు తెర వచ్చింది. "మాడకుంట జర చూడు" అని గరిటె నా చేతికిచ్చి చిన్నాయన పరుగెత్తాడు. నేను నాకు వచ్చిన పనే చేశాను. కోవా కలిపినట్టు అడుగు నుంచి గీకి గీకి, ఆపకుండా తిప్పాను. ఆయన తిరిగొచ్చేసరికి పెనం మీద ఒక్క పోగు కూడా పొడుగ్గా మిగల్లేదు, అంతా ఉప్మా అయింది. ఆయన దాన్నే పళ్లెంలో పెట్టి తీసుకెళ్లాడు. అమ్మ రెండు చెంచాలు తిని, "మంచిగుంది" అని, గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను బర్రెల వెనక దాక్కున్నాను. చిన్నాయన వెతుక్కుంటూ వచ్చాక, "అమ్మ ఆయుష్షు నేనే తెంపిన" అని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆయన పేడలోనే నా పక్కన చతికిలబడి అన్నాడు: "గది ఉత్త ముచ్చట బిడ్డా. నీకు ధైర్యముంటదని నేనే అల్లిన. పోగులు తెగినా తెగకున్నా మీ అమ్మ బతకది. మొన్ననే డాక్టర్ చెప్పిండు. నీ తప్పేం లేదు."

ఆ తర్వాత పదకొండో రోజున అమ్మ పోయింది.

అమ్మ బతకదని అన్నందుకు చిన్నాయన మీద చాలా ఏళ్లు కోపంగా ఉన్నాను. ఎనిమిదేళ్ల పిల్లతో అనే మాటా అది? ఇప్పుడు మా మనవరాలు ఫోన్‌లో చూసి అదే యాకిసోబా ఇంట్లో చేస్తోంది. సాస్ వాసన వస్తే నేను వాకిట్లోకి వెళ్లి కూర్చుంటాను. కూర్చుంటే చిన్నాయనే గుర్తుకొస్తాడు. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. డాక్టర్ మాట విన్నాక కూడా నూడుల్స్ కోసం సైకిలెక్కి పోయాడంటే, ఆ అల్లిన ముచ్చటను నాకంటే ముందు తానే నమ్మి ఉంటాడు. నా తప్పు తీసేయడానికి తన ఆశను తన నోటితోనే చంపుకున్నాడు. అమ్మను ఎవరమూ దక్కించుకోలేకపోయాం. ఆమెను నేనే చంపానన్న భయంతో మాత్రం నేను పెరగలేదు. ఆ రోజు నుంచి నాకు మిగిలింది అంతే.