నాలుగు బ్యాచ్‌ల మనిషి

టైలరు మాస్టారు అబద్ధాలకోరు కాదు. ఈ మాట ముందే చెప్పేయాలి, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదంతా ఆయన ఆడిన ఒకే ఒక్క అబద్ధం గురించి. బట్ట మిగిలితే చిన్న ముక్కతో సహా మడతపెట్టి తిరిగిచ్చే మనిషి. అన్న రోజుకి చొక్కా ఇవ్వకపోవడం అంటారా, అది అబద్ధం కిందికి రాదు. ఆ సంగతి కుట్టించుకునేవాళ్ళకీ తెలుసు.

ఆ ఒక్క అబద్ధం కూతురి దగ్గర ఆడాడు. అప్పుడు దానికి పలకా బలపం వయసు. మిషను పక్కన కూర్చుని, గుండీలు ఏరుకుంటూ, "నాన్నా, నువ్వు పదో తరగతి పాసయ్యావా?" అని అడిగింది. "ఒక్క దెబ్బకి!" అన్నాడు మాస్టారు. ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసుకుని చూసింది. ఆ చూపు చూశాక, "లేదమ్మా, ఊరికే అన్నాను" అనడానికి ఏ తండ్రికి మాత్రం నోరు వస్తుంది?

నిజానికి ఆయన లెక్కల్లో మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి గట్టెక్కాడు. తప్పినప్పుడల్లా అదే గదిలో, కిందటేడు దాకా తనని అన్నా అన్నా అని పిలిచిన పిల్లల పక్కన మళ్ళీ కూర్చున్నాడు. బడిలో ఆయన్ని పర్మనెంటు అనేవాళ్ళు. టీచర్లు బదిలీ మీద వెళ్ళిపోయేవాళ్ళు, కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు, పర్మనెంటు మాత్రం కదిలేవాడు కాదు. నాలుగో ఏడు పక్క వరసలో కూర్చున్న అమ్మాయినే తరవాత పెళ్ళి చేసుకున్నాడు. "అమ్మా నేనూ ఒకే క్లాసు" అనేవాడు కూతురితో. అది నిజమే. మరి నీకు మూడేళ్ళు ఎక్కువ కదా అని ఎవరైనా అడిగితే, "నన్ను బడిలో ఆలస్యంగా వేశారు" అనేవాడు. చూశారా, ఒక్క అబద్ధానికి లోపల ఎన్ని అస్తర్లు వేయాలో.

పెళ్ళయ్యాక పట్నంలో కొట్టు పెట్టుకోవడంతో ఆ అబద్ధం చల్లగా బతికింది. కూతురు చదివింది, పోస్టాఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది, పెళ్ళి చేసుకుంది, తల్లయింది. అంతా సవ్యంగా సాగుతుండగా ఆ ఉద్యోగంలో బదిలీ వచ్చింది. ఎక్కడికనుకున్నారు? సరిగ్గా మాస్టారు పుట్టి, చదివి, తప్పిన ఆ చిన్న ఊరికే. "మీ ఊరేగా నాన్నా, మీరిద్దరూ మాతో వచ్చేయండి" అంది కూతురు సంబరంగా. 

వచ్చాక వరండాలో మిషను వేసుకున్నాడు. పాంట్లు పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం లాంటి చిన్న పనులు చేస్తూ, పాత మొహం ఏదైనా వీధిలో కనబడితే చటుక్కున మిషను మీదికి వంగిపోయేవాడు. మనవరాలిని ఆ పాత బడిలోనే చేర్చారు. రెండేళ్ళు ఏ గొడవా లేదు. మూడో ఏడు ఆ పిల్ల పదో తరగతి లెక్కల్లో తప్పింది.

ఇంట్లో పెద్ద దుమారం లేచింది. కూతురు మంచిదే కానీ కోపం వస్తే మాట ఎక్కడ ఆపాలో తెలియదు. "మా నాన్న ఒక పక్క మిషను తొక్కుతూ, ఒక పక్క చదువుకుని ఒక్క దెబ్బకి పాసయ్యాడు. నీకు గది ఉంది, ఫ్యాను ఉంది, టేబులు లైటు ఉంది. మన ఇంటా వంటా తప్పినవాళ్ళు లేరు!" అని అరిచింది. ఆ సమయంలో మాస్టారు వరండాలో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కించిన సూదికే మళ్ళీ ఎక్కిస్తున్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ మంచి మాటే చెప్పింది. పిల్ల మళ్ళీ క్లాసులో కూర్చుని చదువుకోవచ్చు, సోమవారానికల్లా ఏ సంగతో తేల్చి చెప్పమంది. పిల్ల మాత్రం గది తలుపు వేసుకుంది. "ఆ చిన్నపిల్లల పక్కన నేను కూర్చోను. అందరూ నన్నే చూస్తారు. చదువూ వద్దు ఏమీ వద్దు, మానేస్తా" అంది లోపలి నుంచే. బతిమాలారు, తిట్టారు, మళ్ళీ బతిమాలారు. తలుపు తెరుచుకున్నది అన్నానికే.

ఇది చాలదన్నట్టు, ఆ సోమవారానికి ముందు ఆదివారమే బడిలో పూర్వ విద్యార్థుల కలయిక పెట్టారు. అన్ని బ్యాచ్‌లూ, తాతల నుంచి మనవల దాకా రావాలట. మాస్టారికి అప్పటికప్పుడు నడుం నొప్పి వచ్చింది.

ఆయన భార్య ఇలాంటి నొప్పులు చాలా చూసింది. ఇన్నేళ్ళూ భర్త అబద్ధాన్ని కడుపులో దాచుకున్న మనిషి ఆవిడ. మందు సీసా తెచ్చి మంచం మీద పెట్టి, "రాసుకోండి, రాసుకుని బయల్దేరండి" అంది.

"అక్కడికి వస్తే నా బండారం బయటపడుతుందే."

"పడనివ్వండి. రేపు దాని చదువు ఆగిపోతుంటే, మీ పరువు కాపాడుకుంటూ కూర్చుంటారా?"

"పోనీ వస్తా. నువ్వు మాత్రం అక్కడ నోరు విప్పకు."

"నేనెందుకు విప్పుతాను? విప్పేవాళ్ళు అక్కడ చాలామంది ఉంటారు" అని ఆవిడ చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. కూతురితో పాటు మనవరాలిని కూడా లాక్కొచ్చింది. ఎలా ఒప్పించిందో ఎవరికీ తెలియదు; అమ్మమ్మలకి కొన్ని దారులుంటాయి.

బడి పెద్దగా మారలేదు. గోడలకి రంగు కొత్తది, బెంచీల మీద చెక్కిన అక్షరాలు పాతవి. వరండాలో పొట్టలు, బట్టతలలు, కళ్ళద్దాలు ఒకరినొకరు గుర్తుపట్టలేక, గుర్తుపట్టినట్టు నటిస్తూ, చివరికి నిజంగానే గుర్తుపట్టి కేకలు వేసుకుంటున్నాయి. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. ప్రస్తుతం పదో తరగతిలోకి వచ్చిన పిల్లలు మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళలో ఎవరు దగ్గరికి వచ్చినా మనవరాలు జుట్టు మొహం మీదికి వేసుకుని ఫోనులోకి దూరిపోతోంది. మాస్టారు ఆ పిల్లనీ చూస్తున్నాడు, గేటునీ చూస్తున్నాడు.

ఈ బడి కలయికల్లో ఒక పద్ధతి ఉంది. భోజనాలకి ముందు, ఎదురు మెట్ల మీద బ్యాచ్‌ల వారీగా ఫోటోలు తీస్తారు. ముసలి బ్యాచ్ ముందు, ఇప్పటి పదో తరగతి ఆఖరున. పదో తరగతిలో ఎవరితో కలిసి కూర్చున్నారో వాళ్ళతోనే నిలబడాలి. వచ్చిన మనిషి ఒక్కడు తక్కువైనా ఆ బ్యాచ్‌కి ఫోటో తీయనివ్వరు, అందరూ ఆగాల్సిందే. అందుకని తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో ఒకటే కేకలు.

మాస్టారి పథకం ఏమిటంటే, భార్య బ్యాచ్ వచ్చేదాకా కదలకుండా కూర్చుని, ఆవిడతో పాటు ఎక్కి, ఆవిడతో పాటు దిగి, భోంచేసి వెళ్ళిపోవడం. మంచి పథకమే. కాకపోతే పొద్దున కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుండగా ఒక రిటైరైన స్టేషను మాస్టరు ఆయన్ని చూశాడు.

ఆ స్టేషను మాస్టరు బ్యాచ్ మెట్లెక్కింది. సర్దుకుని నిలబడింది. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూసి కెమెరాలోకి చూశాడు. "ఆగు బాబూ, ఒకడు తక్కువ" అని స్టేషను మాస్టరు మైకు అందుకున్నాడు. రైళ్ళని ఆపిన గొంతు అది. "ఒరేయ్ పర్మనెంటూ! నిన్ను చూశాన్రా. వస్తావా, నన్ను దిగి రమ్మంటావా?"

జనం నవ్వారు. మాస్టారు చెప్పులవైపు చూసుకున్నాడు.

"పర్మనెంటు ఎవరు తాతయ్యా?" అంది మనవరాలు, ఫోను లోంచి తల ఎత్తకుండానే.

ఎవరో లేవే, అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అవతలి కుర్చీలో కూతురు, చేతిలో టీ కప్పుతో, ఎవరా అని నవ్వుతూ అటూ ఇటూ చూస్తోంది. ఇన్నేళ్ళుగా తండ్రిని తల మీద పెట్టుకున్న కూతురు. ఇటు పక్క, పదిహేనేళ్ళ పిల్ల, తను ఎవరికీ కనబడకూడదని భుజాలు కుదించుకుని కూర్చుంది. అలా కూర్చోవడం మాస్టారికి బాగా తెలుసు. ఆయన భార్య చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా మెట్లవైపు చూస్తోంది.

"నేనే" అని మాస్టారు లేచాడు.

మెట్ల దాకా నడవడానికి ఆయనకి చాలాసేపు పట్టినట్టనిపించింది. పై వరసలోంచి చేతులు చాచి లాగేశారు. ఫోటో తీశారు. బతుకుజీవుడా అని దిగబోతుంటే, రెండో బ్యాచ్‌లోంచి ఒక డాక్టరమ్మ అడ్డం నిలబడింది. "ఎక్కడికండీ వెళ్తున్నారు? మా బెంచీలో కూర్చుని నా జామెట్రీ బాక్సు విరగ్గొట్టారు, మర్చిపోయారా?" అంది. మాస్టారు వెనక్కి తిరిగి ఎక్కాడు. మూడో బ్యాచ్ పిలిచేసరికి అసలు దిగడమే మానేశాడు.

ఫోటోగ్రాఫరుకి విసుగొచ్చింది. "పెద్దాయనా, మీ బ్యాచ్ అయిపోయింది కదా, దిగండి సార్!"

"నా బ్యాచ్ ఇంకా అవలేదు నాయనా" అన్నాడు మాస్టారు. ఈసారి ముందుగా నవ్వింది ఆయనే.

నాలుగో బ్యాచ్‌తో ఆయన భార్య మెట్లెక్కింది. భర్త పక్కన నిలబడి, ఆయన కాలరు సరిచేసింది. జనం చప్పట్లు కొట్టారు. కూతురు మాత్రం టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఆయన దిగి రాగానే, "నాన్నా! ఒక్క దెబ్బకి అన్నావు!" అంది. ఆ గొంతులో కోపం ఉంది, ఏడుపు ఉంది, ఆపుకోలేని నవ్వు కూడా ఉంది.

"దెబ్బ ఒక్కటేనమ్మా. అది తగలడానికి నాలుగేళ్ళు పట్టింది."

"మరి నేను దాన్ని అన్ని మాటలన్నానే... నువ్వు వింటూ కూర్చున్నావా?"

"కూర్చున్నాను. తప్పు చేశాను. అప్పుడు నువ్వు కళ్ళింతింత చేసుకుని చూశావు. ఆ కళ్ళ ముందు చిన్నబోవడం ఇష్టం లేక నెట్టుకొచ్చాను" అన్నాడు మాస్టారు. కూతురు ఆయన చొక్కా భుజం మీద దుమ్మేమీ లేకపోయినా దులిపింది.

మనవరాలు ఫోను పక్కన పెట్టేసింది. తాతని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. ఆయన వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు.

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

"సిగ్గు వేయలేదా తాతయ్యా?"

ఇక్కడ ఏదైనా పెద్దమనిషి మాట చెప్పచ్చు. సిగ్గెందుకు, ధైర్యంగా ఉండాలి, లాంటివి. మాస్టారు చెప్పలేదు. "చచ్చేంత వేసింది" అన్నాడు. "మొదటి రోజు తలుపు పక్కన కూర్చున్నా, బెల్లు కొట్టగానే అందరికంటే ముందు పారిపోవచ్చని. వారం రోజులు ఎవరి మొహమూ చూడలేదు."

"తరవాత?"

"తరవాత వాళ్ళకి నన్ను చూడటం విసుగు పుట్టింది. ఎవరి లెక్కలు వాళ్ళకున్నాయి కదా. ఒకడు వచ్చి, అన్నా, ఈ సారు పరీక్షలో ఏ లెక్కలిస్తాడు అని అడిగాడు. నాకు రాని లెక్కలన్నీ ఇస్తాడురా అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. ఇందాక మూడో మెట్టు మీద నా భుజం పట్టుకుని నిలబడ్డాడు చూడు, వాడే."

"అంత సిగ్గేస్తే మరి ఎందుకెళ్ళావు?"

 "ఇంట్లో కూర్చుని చూశాను. అక్కడ ఇంకా ఎక్కువ వేసింది" అన్నాడు.

పిల్ల గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. మెట్ల మీద బ్యాచ్‌లు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. తెల్ల జుట్టు పోయి నల్ల జుట్టు వచ్చింది, చంకలో పసిపిల్లలతో తల్లులు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చారు. కిందటేడు బ్యాచ్ వచ్చింది. మనవరాలితో పాటు చదివి పాసైనవాళ్ళు. వాళ్ళలో ఇద్దరు ఆ పిల్లని చూసి చెయ్యి ఊపి రమ్మన్నారు. వెళ్ళింది. ఆఖరి వరసలో అంచున నిలబడింది, నవ్విందో లేదో దూరానికి తెలియలేదు. ఫోటో అయ్యాక గబగబా వచ్చి మళ్ళీ కూర్చుంది. కూతురు ఏదో అనబోతే, అమ్మమ్మ చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

ఆఖరున ఇప్పటి పదో తరగతిని పిలిచారు. నీళ్ళ గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి పిల్లలు పరుగెత్తారు. మెట్ల మీద తోసుకుంటున్నారు, పొట్టివాళ్ళు ముందుకి రండి అని డ్రిల్లు మాస్టరు అరుస్తున్నాడు. "అందరూ వచ్చారా? ఎవరైనా తక్కువా?" అని మైకులో అడిగాడు. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. అందరూ ఉన్నారు, తీసేయండి సార్, అని కేక వేశారు.

మనవరాలు లేచింది. ఎవరివైపూ చూడకుండా రెండడుగులు వేసి ఆగింది.  పిల్ల ఒక్కతే అంత దూరం నడవాలి, అందరూ చూస్తుండగా. తోడు వెళ్దామని మాస్టారూ కుర్చీ పట్టుకుని లేచాడు.

పిల్ల వెనక్కి తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, మొహంలో మాత్రం తాతని ఏడిపించేటప్పటి కొంటెతనం వచ్చేసింది.

"నువ్వు రాకు తాతయ్యా. ఇది నా బ్యాచ్" అంది.

మాస్టారు కూర్చుండిపోయాడు. మెట్ల మీద పిల్లలు జరిగి చోటిచ్చారు.