మూత తీసిన గంగాళం

స్వప్న తొలి గెలుపు, గంగాళం మూత తీసి ఉడికించడం. బెంగళూరులో బీరు తయారుచేసే ఒక హోటల్లో, రెండు వందల లీటర్ల బార్లీ మొలకల రసాన్ని గంటసేపు ఆగకుండా తెర్లించింది. పెద్దకడుబూరు దగ్గర పత్తి ఏరుకునే కూలిమనిషి, ఎనిమిదో తరగతి చదువు. మన మండలంలో ఆ పని తెలిసిన ఇంకో మనిషిని చూపించండి, చూద్దాం.

సులువుగా రాలేదు అది. స్వప్న తన అత్త మేరి పొయ్యి కాడ వంట నేర్చుకున్న మనిషి. పత్తికట్టె మంట మీద ఏది పెట్టినా మూత పెట్టాల్సిందే, లేకుంటే కట్టెలు దండగ. బెంగళూరులో గిన్నెలు కడగను చేరితే, మూడో నెలలో ఆ గంగాళం అప్పజెప్పినారు. పొంగుతుందని మంట తగ్గించింది, వేడి పోతుందని మూత పెట్టింది. ఆవిరి లేచింది గానీ రసం తెర్లలేదు. బీరు తయారైనంక ఒక గుక్క తాగి, పెద్ద మేస్త్రీ బసవరాజు మొగం చిట్లించినాడు.

"ఏనమ్మా, ఇది బీరా, ఉడకబెట్టిన మక్కజొన్నా?"

రెండోసారీ అదే వాసన. అంతా పారబోసినారు.

"ఆ వాసన ఆవిరితో బయటికి పోవాలమ్మా. నువ్వు మూతేసి లోపలికే తోస్తాండావు. ఇంకోసారి చెడిపోతే మళ్లీ గిన్నెల కాడికే నువ్వు."

మూడోసారి మూతను తీసుకుపోయి గోడకు ఆనించింది. మంట పూర్తిగా పెంచింది. నురగ అంచు దాకా లేచింది. పక్కకు జరగలేదు. నీళ్లు చిలకరిస్తూ, తెడ్డుతో కలుపుతూ నిలబడింది. ముంజేయి కాలింది. చివరికి నురగ విరిగి, తరకలు తరకలుగా కిందికి దిగింది. రసం నడిమధ్యలో బుడబుడమని లేచి, అంచుల కాడ మునిగి, దొర్లడం మొదలుపెట్టింది. బసవరాజు వచ్చి చూసి, బీరుకు చేదునిచ్చే పూల డబ్బా ఆమె చేతికిచ్చినాడు. ఆ పూలు వేసేది అంతవరకూ ఆయనొక్కడే.

ఏడాదికి వెయ్యి లీటర్ల గంగాళం ఆమెదే. కండ్లు మూసుకుని, చప్పుడు విని మంట సరిచేసేది. నలుగురు మగవాళ్లు ఆమె మాట విని పనిచేసినారు. బిడ్డ కృపను ఎమ్మిగనూరులో మంచి బడిలో వేసింది.

ఇంటికాడ మాత్రం క్యాంటీన్లో వంటపని అని చెప్పింది. ఎందుకంటే మొగుడు శామ్యూల్ సారా తాగి తాగి, ముప్పై నాలుగేండ్లకే పోయినాడు.

హోటలోళ్లు తీసిన వీడియో ఒకటి పక్కింటి హుసేనమ్మ ఫోన్లోకి వచ్చింది. "సూడు పాపా, మీ అమ్మ ఎంత పెద్ద కాగు ముందర నిలబడిందో!" అని సంబరంగానే చూపించింది పాపం. పదమూడేండ్ల కృప అంతా చూసింది, అది బీరని తెలుసుకుంది. ఆ పొద్దు నుంచి తల్లి చేసిన ఫోను ఎత్తలేదు.

రెండు నెలలు చూసి, జూలైలో స్వప్న వచ్చింది. బిడ్డ పలకలేదు. సాయంత్రం ఎసరు కాగుతుంటే, స్వప్న చేయి తనంతట తానే పోయి మూత తీసింది.

"మూత పెట్టు తల్లీ! ఈడికి కట్టెలు మీ మేస్త్రీ పంపుతాడా?" అంది మేరి.

స్వప్న నవ్వి, అలవాటుగా అనేసింది, "చెడ్డ వాసన ఆవిరితో పోతాదత్తా."

గడప కాడ కృప నోరు తెరిచింది. "నాయన కాడ పోలేదు కదమ్మా. పెట్టెలో పండబెట్టినంక గూడ పోలేదు."

మేరి మెల్లగా మూత పెట్టేసింది.

"నీ సదువు కోసమే కదా పాపా..."

"నా మీద పెట్టొద్దు. ఆ పని ఇడిసిపెట్టి వస్తే రా. లేకుంటే రావొద్దు."

తెల్లారి ఎమ్మిగనూరు బస్సు ఎక్కేటప్పుడు కూడా బిడ్డ బయటికి రాలేదు. స్వప్న కాలిన ముంజేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఆ మచ్చ ఇన్నాళ్లూ ఆమెకు పతకం లాంటిది.

బెంగళూరు చేరి, పని ఇడిసిపెడతానని చెప్పింది. "నువ్వు పోతే ఈ గంగాళం నా మాట కూడా వినదమ్మా," అన్నాడు బసవరాజు. జీతం పెంచుతానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊరికి వచ్చి మళ్లీ పత్తి ఏరుకోవడమే అని ఆమెకు తెలుసు. ఇప్పుడు కొత్త మనిషికి పని నేర్పిస్తాంది. అతను మూత కోసం చేయి చాపితే, గట్టిగా పట్టుకుని ఆపుతాంది.

నిన్న మేరి ఫోను చేసింది. గంగాళం తెర్లుతున్న చప్పుడులో ఆమె మాట సరిగా వినబడలేదు. స్వప్న ఆ ఉడుకును ఒకసారి చూసి, తన చేత్తోనే మంట తగ్గించింది.

"నేను అడగడం లేదమ్మి. పాపే అడగమంటాంది, ఏ తేదీకి వస్తావని," అంది మేరి.

స్వప్న కండ్లు తుడుచుకుని చెప్పింది.

ఆగస్టు ఇరవై మూడు, ఆదివారం.