నాయన తడిమిన బొమ్మ

అమ్మ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. డెబ్భైల చివరి రోజులవి. నంద్యాల బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేరి రెండేళ్లయింది. కబురందగానే మా ఊరు ఆళ్లగడ్డకు బస్సెక్కాను. కర్మలన్నీ అయ్యాక తిరిగొచ్చి, మర్నాడు పిల్లల చేత కూజా బొమ్మ వేయించాను. వీడిది గుండా రాయా అనుకున్నారు తోటి మాస్టర్లు. అనుకోనీ. లోపల ఏమీ లేనప్పుడు పైకి ఏం తెచ్చి చూపించను?

అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. సంవత్సరీకం నాటికి దండ వేయడానికి ఒక బొమ్మ ఉండాలి కదా, నేనే గీస్తానని నాయనతో అన్నాను. నాయన శిల్పి. ఆయన చెక్కిన దేవుళ్లు ఎన్ని ఊళ్లకు పోయారో ఆయనకే గుర్తులేదు. నా రంగులంటే మాత్రం చులకన.

"సుద్దముక్కలతో ఏం గీస్తావురా? ఊదితే పోతాది."

ఆ సుద్దముక్కలు సాఫ్ట్ పాస్టెళ్లు. మద్రాసు నుంచి తెప్పించుకున్నాను. బ్రష్షు ఉండదు, నీళ్లుండవు. రంగుముక్కను గరుకు కాగితం మీద రుద్ది వేలికొసతో సర్దడమే. నాలుగు నెలల సాయంత్రాలు దానికే పోయాయి. మొదట చెంపలకు ఎరుపు ఎక్కువై ఎవరో పెళ్లికూతురు తయారైంది, దులిపేశాను. పసుపులో కాస్త బూడిదరంగు కలిపాక చెంప అమ్మదైంది. ఎడమ కనుబొమ్మ కింద ఆమెకుండే చిన్న గుంట కుదిరిన రోజు కూడా నాకేమీ అనిపించలేదు. చేతులు కడుక్కుని అన్నానికి పోయాను.

రంగు నిలవడానికి చల్లే మందు నంద్యాలలో దొరకలేదు. ఆళ్లగడ్డలో అద్దం కట్టిద్దామని రెండు అట్టల మధ్య పెట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను.

బొమ్మను వసారాలో గోడకు ఆనించాను. నాయన చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వచ్చి, నేను నోరు తెరిచేలోగా, విగ్రహం నునుపు చూసినట్టే బొటనవేలితో నుదుటి నుంచి ముక్కు మీదుగా కిందికి రాశాడు. ఆయనకు చూడటమంటే అదే. ముఖం మధ్యన మసక చార పడింది. అంతటితో వదిలేస్తే సర్దేవాణ్ని. కంగారుపడి అరచేత్తో తుడిచేశాడు.

"ఏందిరా ఇది, చేతికి వచ్చేస్తాంది?"

"పోనీలే నాయనా, మళ్లా గీస్తా" అన్నాను. కోపం కూడా రాలేదు.

రెండోది నెలలో అయిపోయింది. కళ్లు మూసుకుంటే ఆ చెరిగిన ముఖమే వస్తుంటే, అమ్మ ముఖమే వచ్చిన మా అక్కను ఎదురుగా కూర్చోబెట్టి పోలికలు తెచ్చుకున్నాను. ఈసారి అద్దం కట్టించే తెచ్చాను. నాయన చేతులు వెనక్కి పెట్టుకుని, దూరంగా నిలబడి చూశాడు.

"బాగుందప్పా. కానీ ఈమె మీ అమ్మ గాదు."

మొదటి బొమ్మ దగ్గర ఆయన ఆ మాట అనలేదు. అమ్మ పోయిన పదకొండు నెలలకు, పెరట్లోకి పోయి, అప్పుడు ఏడ్చాను.