బ్యాంకు పట్టుకున్న చాటన్

సోలాపూర్ సాఖరపేటలో చంద్రభాగ వేళ్ళంటే అందరికీ నమ్మకం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఇంటికి ఇద్దరున్న పేట అది. కానీ కళ్ళు మూసుకుని కట్ట కట్టగలిగింది మాత్రం ఆమె ఒక్కతే. కట్టకు ఇరవై అయిదు బీడీలు. పక్కావిడ కట్టిన కట్టను పిడికిట్లో ఒకసారి ఒత్తి చూసి, "ఇరవై నాలుగే ఉన్నయి, ఇంకోటి వెయ్యి" అనేది. విప్పి లెక్కపెడితే ఇరవై నాలుగే ఉండేవి. అక్షరం ముక్క రాదు, సంతకమంటే బొటనవేలే. అయినా పాలవాడి లెక్క తెగకపోతే ఆ పంచాయితీ ఆమె గడప దగ్గరికే వచ్చేది.

ఎనిమిదేళ్ళప్పుడు సిరిసిల్ల వైపు నుంచి తండ్రి వెంట రైలెక్కి వచ్చింది. వచ్చిన నెలకే ఒళ్ళో చాట పెట్టి, చాటలో తునికాకు, తంబాకు పోసి చేతికి కత్తెర ఇచ్చారు. అప్పటి నుంచీ ఆ చాట ఒళ్ళోంచి దిగింది పెళ్ళికి మూడు రోజులు, కాన్పులకు పదేసి రోజులు, అంతే. మొగుడు కొమురయ్య చద్దర్లు నేస్తాడు. పనిలో దిట్ట, నోట్లో మాత్రం మాట ఉండదు. మగ్గం కార్ఖానా సేటుది, నూలు సేటుది, నేసిన చద్దరూ సేటుదే. కొమురయ్యవి కాళ్ళూ చేతులూ మాత్రమే.

సొంత మగ్గం ఒకటి తమ ముందు గదిలో ఆడాలని చంద్రభాగ కోరిక. దేవుడిని అడిగి ఊరుకునే మనిషి కాదు. పేటలో నేతవాళ్ళ సహకార బ్యాంకు తెరిచిన కొత్తలోనే పుస్తకం రాయించుకుంది. వారం కూలి చేతికందే శనివారం నాడు ఒక రూపాయి, అణాలూ బేడలూ కలిపి కొంగున ముడేసి తీసుకెళ్ళి కట్టేది. అలా ఆరేళ్ళు. జ్వరం వచ్చిన వారాలూ, ఇంట్లో నూకలు కూడా లేని వారాలూ తప్పితే మానలేదు. స్వరాజ్యం వచ్చి ఏడేళ్ళయిన ఆ ఏటికి పుస్తకంలో మూడు వందల రూపాయలు నిండాయి.

సరిగ్గా అప్పుడే కుంఠా నాకా దగ్గర రాజారాం అనే ఆయన తన చేతిమగ్గాలు తీసేసి పవర్‌లూమ్‌లు పెట్టించుకుంటున్నాడని తెలిసింది. చద్దర్ల మగ్గం, సామానుతో సహా మూడు వందలకు ఇస్తానన్నాడు. పైసా తగ్గనన్నాడు. శుక్రవారానికల్లా తీసుకుపోకపోతే వేరే బేరం ఉందనీ అన్నాడు.

ఇక్కడ మల్లప్ప సంగతి చెప్పాలి. చుట్టిన బీడీలు రోజూ కార్ఖానాలో అప్పజెప్పాలి గదా, అక్కడ గద్దె మీద కూర్చునే గుమాస్తా మల్లప్ప. కట్టలు విప్పి వంకరవీ వదులువీ ఏరి పక్కనున్న బుట్టలో పడేస్తాడు. దాన్నే చాటన్ అంటారు. బుట్టలో పడ్డ బీడీకి కూలి లేదు. ఎంత బాగా చుట్టినా వెయ్యికి ముప్ఫై ఆ బుట్టలో పడాల్సిందే, అది ఆయన చేతి అలవాటు. ఎవరైనా నోరు విప్పితే మర్నాడు అరవై పడేవి. అందుకని ఆడవాళ్ళు వెయ్యి చుట్టి తొమ్మిది వందల డెబ్భై అనుకోవడం నేర్చుకున్నారు. అప్పజెప్పిన చోట కొంత పోతుందన్నది చంద్రభాగకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన లోకం.

సోమవారం పొద్దున ఉతికిన చీర కట్టుకుని బ్యాంకుకు వెళ్ళింది. మూడు వందలకు వేలిముద్ర వేసింది. ఇత్తడి బిళ్ళ చేతికిచ్చి కూర్చోమన్నారు. చాలాసేపటికి పిలిచారు. జాలీ వెనక కొత్త క్యాషియర్ సిద్ధరాములు, వాళ్ళ పేట కుర్రవాడే, మెట్రిక్ పాసైన నేత ఇంటి బిడ్డ. పది రూపాయల నోట్లు బయటికి తోసి, "చూస్కో అక్కా" అన్నాడు.

చంద్రభాగ చూసుకుంది. చూపుతో కాదు, వేళ్ళతో. ఇరవై అయిదు, ఒక కట్ట. పైన నాలుగు. ఇరవై తొమ్మిది. మళ్ళీ ఒత్తి చూసింది. ఇరవై తొమ్మిదే.

తలూపి, నోట్లు కొంగున కట్టుకుని బయటికి వచ్చేసింది. పిచ్చిదా అంటే కాదు. దారి పొడవునా లెక్క వేసుకుంటూనే నడిచింది. వెయ్యికి ముప్ఫై అంటే మూడు వందలకు తొమ్మిది. మల్లప్ప అయితే తొమ్మిది రూపాయలు తీసేవాడు, బ్యాంకువాళ్ళు పది తీశారు. రూపాయి ఎక్కువే. పోనీ, అక్కడ ఫ్యాను తిరుగుతోంది, బిళ్ళలు ఇత్తడివి, ఖర్చులుంటాయి. పైగా తాను కట్టిన వాటిలో అరిగిపోయిన అణాలు తక్కువేం లేవు. ఖరాబైన బీడీలు ఏరినట్టు వాటిని ఏరేసి ఉంటారు.

ఇంటికొచ్చి మొగుడి ముందు నోట్లు పెట్టింది.

"పది తక్కువున్నయి. బ్యాంకోళ్ళు చాటన్ పట్టిన్రు."

కొమురయ్య నోట్ల వంక చూశాడు. "అడగలేదా?"

"చాటన్‌ను ఎవలన్న అడుగుతరా?"

ఆయనకీ సబబుగానే తోచింది. చద్దరు మీద చిన్న మరక ఉందని సేటు ఆయన కూలిలోనూ వారం వారం కోస్తూనే ఉంటాడు. ఇద్దరూ కలిసి రాజారాం దగ్గరికి వెళ్ళారు. రెండు వందల తొంభై అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. "పూరా పైసలు తెచ్చి మగ్గం తీస్కపోన్రి. శుక్రవారం దాక ఆగుత, గంతే."

తిరిగొచ్చే దారిలో కొమురయ్య మెల్లగా, "సేటునడుగుత. పది రూపాయలే గద, ఇస్తడు" అన్నాడు.

చంద్రభాగ నడక ఆపేసింది. సేటు ఇస్తాడు, ఎందుకివ్వడు! అడిగిన రోజే నవ్వుతూ ఇస్తాడు. ఆ బాకీ తీరేదాకా నేతగాడు ఆ కార్ఖానా గడప దాటకూడదు. బాకీ ఎప్పుడు తీరిందో చెప్పేదీ సేటే. సొంత మగ్గం ఇంట్లో పడుకుంటుంది, కొమురయ్య మాత్రం సేటు మగ్గం మీదే ఉంటాడు.

"సేటు మాటెత్తకు. శుక్రవారం దాక ఆగు" అంది.

అనడమైతే అంది గానీ, పది రూపాయలు ఎక్కడివి? వెయ్యి బీడీలకు రూపాయిన్నర. రెండు చేతులకు నాలుగు చేతులైనా శుక్రవారానికి అంత కూలి రాదు. వచ్చినా చేతికందేది శనివారమే. మంగళవారం వంచిన తల ఎత్తకుండా చుట్టింది. బుధవారం మధ్యాహ్నం పక్కింటి యశోద వచ్చి కూర్చుంది. వానలొచ్చేలోపు ఇంటిపైకి రేకులు వేయించాలని ఆమె కూడా ఆ పొద్దునే బ్యాంకులో డబ్బు తీసింది.

"అరవై తీసిన. రేకులోడు అరవై రెండంటుండు" అని మొత్తుకుంది యశోద.

"చాటన్ పోను ఎంతిచ్చిన్రు?"

"చాటనేంది? అరవైకి అరవై ఇచ్చిన్రు. బ్యాంకుల చాటనేందే, పిచ్చిదాన!"

చంద్రభాగ చేతిలో ఆకు ఆగిపోయింది. అప్పుడైనా ఆమెకు క్యాషియర్ తప్పు చేశాడన్న అనుమానం రావాలి గదా? రాలేదు. బాధ వేసింది, అంతే. యశోద పైసలు అన్నీ మంచివి, తన పైసలే ఖరాబు! తానూ అణా అణా రుద్ది తుడిచి మరీ తీసుకెళ్ళి కట్టింది. రాత్రి అన్నం సహించలేదు. ఉన్న పది రూపాయలు పోయినందుకు రాని ఏడుపు, తన డబ్బు నాసిరకమన్న మాటకు వచ్చింది.

గురువారం బ్యాంకు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుంది. జాలీ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అడిగింది.

"తమ్మీ, ఒక్క ముచ్చట చెప్పు. నా పైసలల్ల ఏం ఖరాబున్నది?"

సిద్ధరాములుకు అర్థం కాలేదు. "ఏం ఖరాబక్కా?"

"అరిగిన అణాలు జర ఉండె, ఒప్పుకుంట. గని పది రూపాయలంత ఖరాబున్నయా? పైసలియ్యుమని రాలే. ఇంకోసారి ఎట్లాంటివి కట్టాల్నో చెప్పు, గట్లనే తెస్త."

సిద్ధరాములు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నీకు... ఎన్నొచ్చినయక్కా?"

"ఒక కట్ట, నాలుగు. ఇరవై తొమ్మిది."

ఆ పిల్లవాడు మూడు రోజులుగా పడ్డ అవస్థ తర్వాత ఆమెకు తెలిసింది. సోమవారం సాయంత్రం పెట్టెలో పది రూపాయలు ఎక్కువ తేలాయట. మూడుసార్లు లెక్కపెట్టినా పది ఎక్కువే. తక్కువైతే జీతంలో కోస్తారు. ఎక్కువైతే ఎవరి కడుపు కొట్టావని అడుగుతారు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే పేరు పక్కన ఎర్ర సిరా. బయట చెప్తే పేటంతా నాదే నాదే అని వస్తారనీ, నిజంగా పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారనీ మేనేజరు సాహెబ్ నోరు మూయించాడు. ఆ రోజు డబ్బు తీసిన పదకొండు మంది పేర్లూ సిద్ధరాములు తిరగేశాడు. చంద్రభాగ పేరు మాత్రం మొట్టమొదటే కొట్టేశాడు. కళ్ళముందే లెక్కపెట్టుకుని తలూపి వెళ్ళిన మనిషి, అందులోనూ ఆ వేళ్ళు!

లోపలి గదికి తీసుకెళ్తే సాహెబ్ మరాఠీలో అడిగింది ఒకటే. లెక్క తక్కువని తెలిసీ ఎందుకు చెప్పలేదు? చంద్రభాగ తనకొచ్చిన మరాఠీలో మల్లప్ప గురించి, బుట్ట గురించి, వెయ్యికి ముప్ఫై గురించి చెప్పింది. మల్లప్ప లెక్కన తొమ్మిదే పోవాలనీ, బ్యాంకువాళ్ళది రూపాయి ఎక్కువనీ కూడా చెప్పేసింది. సాహెబ్‌కు మొదట నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. రిజిస్టరు తెప్పించుకుని సోమవారం పేజీ తీసి, అక్కడ రాసిన పది రూపాయల కింద ఆమెతో వేలిముద్ర వేయించాడు.

సిద్ధరాములు నోటు తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు. "గలతీ నాదక్కా. ఒక నోటు డ్రాయరు సందున ఇరుక్కుంది. చూస్కోలే. బ్యాంకుల చాటన్ ఉండదు. నువ్వు పైసలు కట్టిననాడే ఖరాబున్నయా అని మేము చూస్కుంటం. పుస్తకంల పడ్డదంటే నీ రూపాయి పూరా రూపాయే. ఎవ్వల్కీ ముట్టే హక్కు లేదు."

"ఎవ్వల్కీ లేదా?"

"ఎవ్వల్కీ లేదు. నాకు గూడ లేదు."

ఆమె ఆ మాటను నోటుతో పాటు కొంగున కట్టుకుంది.

శుక్రవారం ఎద్దుబండి మీద మగ్గం ఇంటికొచ్చింది. గడపలో పట్టక తలుపు రెక్క ఊడదీయాల్సి వచ్చింది. కొమురయ్య బిగింపులు బిగిస్తూ, పలక పలకనూ తడుముతూ, ఏది ఎక్కడ అరిగిందో, ఏది ఎట్లా సరిచేయాలో పొద్దుగూకేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆయనకు అన్ని మాటలు వచ్చని పన్నెండేళ్ళ కాపురంలో చంద్రభాగకు ఆ రోజే తెలిసింది. మా ఆయన వాగుడుకాయ అయిపోయాడని యశోదతో చెప్పి కడుపుబ్బా నవ్వుకుంది.

శనివారం బీడీలు తీసుకుని కార్ఖానాకు వెళ్ళింది. వెనక నలభై మంది ఆడవాళ్ళు చాటలతో వరసలో ఉన్నారు. మల్లప్ప ఆమె కట్టలు విప్పాడు, ఎప్పటిలాగే ముప్ఫై ఏరాడు, ఎప్పటిలాగే బుట్ట వైపు చెయ్యి చాచాడు.

"మల్లప్పన్నా, అవి జర ఇటియ్యి" అంది చంద్రభాగ.

"ఎందుకు?"

"ఖరాబున్నయి గద. ఇంటికి తీస్కపోత. మా ఆయన తాగుతడు."

"అవి కంపెనీవి. ఇయ్యరాదు."

"కూలియ్యకపాయె. ఖరాబైన బీడీ కంపెనీకెందుకు? మంచిదైతే కట్టల వెట్టు, కూలియ్యి. ఖరాబైతే నా చాటల వెయ్యి. రెండూ కాకుంట బుట్టల వేసుడెందుకే అన్నా?"

గొంతు పెంచలేదు. పంచదార అడిగినట్టు అడిగింది. అయినా వరసలో వాళ్ళు మెడలు సాచి చూశారు. రేపు అరవై పడతాయని అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. కానీ చాట అక్కడే పెట్టి నిలబడింది.

మల్లప్ప ఆమె వంక చూశాడు, వెనక వరస వంక చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, చేతిలోని ముప్ఫై బీడీలనూ మళ్ళీ ఒక్కొక్కటే తిప్పి చూడడం మొదలుపెట్టాడు. ఇరవై ఒకటి తిరిగి కట్టల్లోకి వెళ్ళాయి. మిగిలినవి ఆమె చాటలో వేశాడు.

చంద్రభాగ వాటిని కళ్ళు మూసుకుని ఒకసారి ఒత్తి చూసింది.

"తొమ్మిది. ఇవి ఖరాబే అన్నా, నిజమే. నిన్న మగ్గమొచ్చిన సంబురంల చుట్టిన" అని ఒప్పుకుని పక్కకు జరిగింది.

వెనకే ఉన్న యశోద ముందుకొచ్చి తన చాట గద్దె మీద పెట్టింది. "నావి గూడ గట్లనే జర చూడన్నా" అంది.