కుండ అడుగున పేరు

నా భార్య చేతులు నా చేతులకంటే మంచివని నాకు తెలిసింది ఒక ఆదివారం పూట.

డెబ్భైల చివర్లో మేము పుదుచ్చేరి ఒర్లియంపేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాది యానాం. గుమాస్తా ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆమెది ఈ ఊరి పక్కన తరతరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబం. వాళ్ళింట్లో మాట్లాడేది తెలుగే గాని సగం మాటలు అరవం. బడి చదువంతా అరవంలోనే సాగడంతో ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. పెళ్ళైన కొత్తలో ఆమె "యాడికి", "ఏంది" అంటుంటే నేను నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది. మా ఇంట్లో తెలిసినవాణ్ణి నేను, నేర్చుకోవలసింది ఆమె అన్నది ఎవరూ చెప్పకుండానే కుదిరిపోయింది.

మూలకుళంలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన తన పెరట్లో పాక వేసి, ఆదివారాలు మట్టిపాత్రలు చేయడం నేర్పుతున్నారని ఆఫీసులో ఎవరో చెప్పారు. పొట్టకూటికి కాదు, సరదాకి. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఒక డాక్టరుగారి భార్య, అందరూ కలిసి పదిమంది వచ్చేవాళ్ళు. నాకు మనసైంది. వారమంతా ఫైళ్ళలో తల దూర్చి బతికేవాడికి చేతులతో ఏదో ఒకటి తయారు చేయాలని ఉంటుంది. లైబ్రరీ నుంచి ఆ పని మీద ఒక పుస్తకం తెచ్చి, నోట్సు కూడా రాసుకున్నాను. ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది తోడు కోసమే.

రెండు వారాలు ఆమె పాక అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకు మురుకులు పంచుతూ చూసింది. మూడో వారం మాస్టారు, "ఊరికే ఎందుకమ్మా కూర్చోవడం, ఈ మన్ను కాస్త పిసికిపెట్టు" అని తమిళంలో అన్నారు. ఆమె చపాతీ పిండి కలిపినట్టే, అరచేతి మొదలుతో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కి, పావుగంటలో ఆ ముద్దను వెన్నలా చేసింది. మాస్టారు దాన్ని దారంతో కోసి చూశారు. లోపల ఒక్క గాలి బుడగ లేదు. ఆయన వెంటనే ఆమెను కుమ్మరి సారె ముందు కూర్చోబెట్టారు.

నా మన్ను మూడు వారాలుగా సారె మీద తాగుబోతులా ఊగుతోంది. ఆమె చేతుల కింద మొదటి రోజే కుదురుగా నిలబడింది. ఒక చిన్న గిన్నె లేచింది. పల్చటి అంచు. మాస్టారు అందరినీ పిలిచి చూపించారు. డాక్టరుగారి భార్య చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టినట్టున్నాను.

తిరిగి వస్తూ సైకిలు మీద అడిగాను. "ఎలా చేశావు?"

"నాకేం తెలుసు? సుమ్మా వచ్చేసింది."

ఊరికే వచ్చేసిందట. నా నోట్సు పద్దెనిమిది పేజీలు.

ఆ తరువాత ప్రతి ఆదివారం నాకు ఒక పరీక్ష అయింది. మాస్టారు నా దగ్గరికి వచ్చి, "పరవాలేదు, పరవాలేదు" అని భుజం తట్టి వెళ్ళేవారు. ఆమె దగ్గర మాత్రం చాలాసేపు నిలబడేవారు. ఆ నిలబడటం కోసం నేను ఏదైనా ఇచ్చేయడానికి సిద్ధంగా ఉండేవాణ్ణి. ఇంటికొచ్చాక ఆమె చేసినవాటికి వంకలు పెట్టేవాణ్ణి. అడుగు మందమైందనేవాణ్ణి, మూతి వెడల్పు సరిపోలేదనేవాణ్ణి. పుస్తకంలో చూసిన మాటలన్నీ వాడేవాణ్ణి. ఆమె నిజంగానే వినేది. "అవునా? ఈసారి చూసుకుంటాను" అనేది. నా మాటల్లో ఉన్నది కుళ్ళని ఆమెకు తట్టలేదు. ఆమె అనుమానించి ఉంటే నేను ఆపేసేవాణ్ణేమో.

ఒక శనివారం నోరు విడిచి చెప్పేశాను. "రేపు నువ్వు రావొద్దులే. ఇంటిపని చాలా పడి ఉంది. వారానికి ఒక్కరోజైనా ఇల్లు చూసుకోవాలి కదా."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి, "సరి" అంది.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళాను. సైకిలు తేలిగ్గా నడిచింది. పాకలో అడుగు పెట్టగానే మాస్టారు నా వెనక వాకిలి వైపు చూశారు. "మీ ఆవిడ ఏది?" డాక్టరుగారి భార్య కూడా అదే అడిగింది. ఒంట్లో బాగోలేదని చెప్పాను. ఆ రోజు నేను మొదటిసారి పగలని, వంగని చెంబు ఒకటి దించాను. దాన్ని ఎవరూ చూడలేదు. బయల్దేరేటప్పుడు మాస్టారు తడి గోనెగుడ్డలో చుట్టిన పెద్ద మట్టిముద్ద తెచ్చి నా సైకిలు క్యారియర్ మీద తాడుతో కట్టారు. "ఆ అమ్మాయికి ఇవ్వండి. సారె లేకపోయినా చేత్తో చేసుకుంటుంది. చేతులకు అలవాటు తప్పకూడదు."

ఆ బరువును ఒర్లియంపేట దాకా నేనే తొక్కుకుంటూ వచ్చాను.

ఆమె ఆ మట్టిని తాళ్ళలా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి, వంటింటి వెనక గచ్చు మీద కూర్చుని వారం రోజుల్లో ఒక కుండ కట్టింది. వంట అయ్యాక కాసేపు, బట్టలు ఆరేశాక కాసేపు. ఆరీ ఆరనప్పుడు సముద్రపు ఒడ్డున ఏరిన గులకరాయితో రుద్ది రుద్ది నున్నగా చేసింది. నడుము దగ్గర గుండ్రంగా నిండి, మెడ దగ్గర ఒదిగి, పైన చిన్న మూతితో ఉన్న ఆ కుండ చుట్టూ నేను ఆఫీసు నుంచి వచ్చి తిరిగేవాణ్ణి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

రెండు వారాల్లో పాత్రలు పూర్తిగా ఆరాక అందరినీ పిళ్ళైచావడి సముద్రపు ఒడ్డుకు రమ్మన్నారు మాస్టారు. సరుగుడు తోపులో గుడారాలు వేసుకుని ఉండటం, ఇసుకలో గుంట తవ్వి ఎవరి పాత్రలు వాళ్ళే కాల్చుకోవడం. కలిసిపోకుండా ఒక్కొక్కరు అడుగున పేరు గీసుకోవాలన్నారు. మట్టి ఇంకా పచ్చిగా ఉండగానే, ఆ సాయంత్రం ఆమె కుండను ఒళ్ళో బోర్లించుకుని, ఒక మేకు తెచ్చి నా చేతికిచ్చింది.

"అందరూ అరవంలో రాస్తా ఉండారు. ఇది మనింట్లో చేసింది. మన బాసలోనే ఉండనీండి. నాకి రాయను రాదు కదా, మీరు రాయండి."

మేకు పట్టుకుని నేను ఆలోచించానని చెప్పలేను. ఆలోచించి ఉంటే చేసేవాణ్ణి కాదు. మెత్తటి ఆ మట్టి మీద మొదటి అక్షరం గీశాను. అది నా పేరులోది. రెండోదీ నాదే. నా పేరంతా అందంగా, గుండ్రంగా గీసి, మేకుకు అంటిన మట్టి తుడిచి ఇచ్చాను.

ఆమె వేలితో తాకకుండా, వంగి చూసింది. "ఎంత బాగుండాయి! ముత్యాల మాదిరి ఉండాయి."

కుండ ఆరాక ఒక శనివారం మధ్యాహ్నానికి అందరం పిళ్ళైచావడి చేరాం. రెండు పాత టార్పాలిన్లు, నాలుగు దుప్పట్లు కలిపి గుడారాలు కట్టాం. జాలర్ల ఇళ్ళ నుంచి చేపలు తెచ్చి ఆడవాళ్ళు పులుసు పెట్టారు. పొద్దు వాలే వేళకు గుంటలో పాత్రలు పేర్చి, కొబ్బరిపీచు, సరుగుడు ఆకు, పిడకలు కప్పి నిప్పు పెట్టాం. మంట తగ్గాక మాస్టారు ఇసుక కప్పించారు. మిగతావాళ్ళు పాటలు పాడుకుంటున్నారు. నేను ఆ పొగ వైపే చూస్తూ, ఆ కుండ పగిలిపోతే బాగుండునని కోరుకున్నాను. పగిలితే పేరూ పోతుంది, పొగడ్తా పోతుంది.

తెల్లవారాక గుంట తవ్వారు. నావి మూడు. రెండు పెంకులయ్యాయి. మూడోదానికి నిలువునా బీట. ఆమె కుండ చెక్కుచెదరకుండా వచ్చింది. ఎర్రటి ఒంటి మీద ఒక పక్కగా పొగ పట్టి నల్లటి మేఘంలాంటి మచ్చ. మాస్టారు బూడిద తుడిచి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. తరువాత తిప్పి అడుగు చూశారు.

"ఏమిటమ్మా ఈ రాత?"

"నా పేరండి. తెలుగులో." ఆ గొంతులో అంత గర్వం నేను ముందెప్పుడూ వినలేదు. "మా ఇంటాయన రాసినారు."

అందరూ నా వైపు చూశారు. డాక్టరుగారి భార్య అక్షరాల మీద వేలు పోనిచ్చి, "ఎంత ముద్దుగా ఉంది నీ పేరు!" అంది.

"అవును" అన్నాను నేను.

కొన్నాళ్ళకు మాస్టారు తన శిష్యులు చేసినవన్నీ కలిపి ఊళ్ళో ఒక హాలులో రెండు రోజులు ప్రదర్శనకు పెట్టారు. అప్పటికి ఆమె కాన్పుకు పుట్టింటికి వెళ్ళింది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను. మా ఆఫీసరు రాజమండ్రి వైపు మనిషి, కుటుంబంతో వచ్చారు. ఆ కుండ దగ్గర ఆగి, ఎత్తి, అడుగు చదివి, కేకేశారు.

"ఏమోయ్, ఇది నీదా! ఇంత పనితనం ఉన్నవాడివి, ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదేం?"

"ఏదో సార్, సెలవురోజుల్లో కాలక్షేపం."

ఆయన నా చేయి పట్టుకుని ఊపారు. మాస్టారు పక్కనే ఉన్నారు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. సోమవారం ఆఫీసులో నలుగురూ అభినందించారు. సంతోషం వేసిందనే చెప్పాలి. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసేసరికి అది మిగల్లేదు.

కూతురు పుట్టాక ఆమె పాకకు రావడం మానేసింది. నేను కూడా మానేశాను. ఆమె లేకుండా అక్కడ నాకు పోటీయే లేదు, పనీ లేదు. కుండ ఇంటికి వచ్చింది. దాన్ని అటక మీద, పాత ట్రంకు వెనకాల పెట్టాను. "ముందర పెట్టకూడదా, అందరూ చూస్తారు కదా" అందామె. పిల్ల పగలగొడుతుందన్నాను.

ఎనభైల నడుమ పాపకు ఆరేళ్ళు. బడిలో తెలుగు లేదు. కనీసం అక్షరాలైనా రావాలని ఆదివారాలు పలక మీద నేనే దిద్దించేవాణ్ణి. రెండో వారం ఆమె కూడా పప్పు చెరుగుతూ వచ్చి మా పక్కన కూర్చుంది. "నాకీ నేర్పండి. పిల్లకి వచ్చి నాకి రాకుంటే బాగుండదు." వద్దనడానికి ఏ కారణం చెప్పగలను? గుణింతాల దాకా రానీయకుండా సాగదీశాను. రోజుకొక్క అక్షరం చాలన్నాను, ఒత్తులు కష్టమన్నాను. కూతురికంటే ఆమే ముందు నేర్చుకుంది. బజారులో తెలుగు అక్షరం కనిపించేది తక్కువ. అందుకని పంచాంగం, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు, దొరికిందల్లా కూడబలుక్కుని చదివేది.

ఒక ఉదయం నేను గడ్డం గీసుకుంటున్నాను. ఆమె స్టూలు వేసుకుని అటక ఎక్కింది. "పాపకి నా పేరు చూపిస్తాను" అంది. కత్తి గిన్నెలో పెట్టేసి, నురుగు ముఖంతోనే నిలబడ్డాను. కిందికి దిగి, కుండను ఒళ్ళో బోర్లించుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, అక్షరం అక్షరం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇది నా పేరు కాదే."

పాప తొంగి చూసి, "నాన్న పేరు!" అని సంబరంగా అరిచింది.

ఆమె పాపను బయట ఆడుకోమని పంపింది. నేను అన్నీ చెప్పాను. ఆఫీసరు సంగతి కూడా. "కుళ్ళు. నువ్వు బాగా చేస్తున్నావని కుళ్ళు" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"పిళ్ళైచావడిలో అందరి ముందర నా పేరని చెప్పినానే" అందామె నెమ్మదిగా. "వాళ్ళల్లో ఒక్కరికి తెలుగు చదవను వచ్చుంటే? నేను ఏమై ఉందును? మీరు పక్కనే నిలబడి చూస్తా ఉండినారు కదా."

నేను దొంగిలించింది కుండనే అనుకుంటూ వచ్చాను ఆరేళ్ళూ.

ఆ వారం ఆమె అన్నం పెట్టింది, పలకరించలేదు. ఆదివారం పొద్దున్నే చీర కట్టుకుని, "పాపని చూసుకోండి. పప్పు నానబెట్టినాను" అని చెప్పి, బస్సెక్కి మూలకుళం వెళ్ళింది. మాస్టారు ముసలివారైనా పాక ఇంకా నడుపుతున్నారు. ఆ తరువాత ప్రతి ఆదివారమూ వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, నేను అడగలేదు. నేను వంట నేర్చుకున్నాను. సాయంత్రం ఆమె గోళ్ళలో మట్టితో, ముఖంలో నాకు సంబంధం లేని ఏదో తృప్తితో వచ్చేది. పని మీద కుళ్ళు చాలావరకు పోయిందిగాని, ఆ తృప్తిని చూసినప్పుడు మాత్రం గుండెలో కలుక్కుమనేది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో, ఎందుకు నవ్వుకున్నారో అడగాలనిపించేది. "బాగా జరిగిందా?" అని మాత్రం అడిగేవాణ్ణి.

"బాగానే" అనేది.

నెల తరువాత ఒక పచ్చి కూజా ఇంటికి తెచ్చి బల్ల మీద బోర్లించింది. అడుగున తన పేరు తానే గీసుకుంది. వంకర టింకరగా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒక దీర్ఘం తప్పింది. నేను చూశాను. చూసి, దాచడమెందుకు, లోపల కాస్త సంతోషించాను. పెదవి విప్పలేదు.

పాప చూసి, "అమ్మా, ఇక్కడ దీర్ఘం లేదు" అంది.

"అవునా?" అని ఆమె వేలు తడి చేసుకుని ఆ చోటు మెత్తన చేసి, తల్లో పిన్ను తీసి దీర్ఘం పెట్టింది. తరువాత కూజాను కిటికీ పక్కన, ఎండ తగలని చోట ఆరబెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.