లాంచీ దిగాక ఏ బండి?

మిర్యాలగూడ బస్టాండులో పదకొండేళ్లు కంట్రోలరుగా కూర్చున్న సైదయ్యకు తెలియని బస్సు లేదు. తనకోసం తాను ఎక్కిన బస్సు మాత్రం ఒక్కటీ లేదు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు సూర్యాపేట, కోదాడ డిపోల్లో కండక్టరుగా పనిచేశాడు. ప్రయాణికులు గుళ్లకూ పెళ్లిళ్లకూ దిగిపోతే, ఆయన బస్టాండులో టీ తాగి అదే బస్సులో వెనక్కి వచ్చేవాడు. భద్రాచలం పేరును రోజుకు ఎన్నిసార్లు మైకులో పలికాడో లెక్క లేదు. ఆ ఊరు ఎట్లా ఉంటుందని ఎవరైనా అడిగితే, అక్కడికి ఎన్ని గంటల ప్రయాణమో చెప్పగలిగేవాడు, అంతే.

ఉద్యోగ విరమణ చేసిన తరువాత భార్య రుక్కమ్మను వెంటబెట్టుకొని నాలుగు ఊళ్లు చూడాలని ఆయన అనుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక, రుక్కమ్మ ఆయన్ను వెంటబెట్టుకోకుండానే ఊళ్లు చూడటం మొదలుపెట్టింది. వాళ్ల వీధిలోని ఎనిమిది మంది ఆడవాళ్లు నెలకు రెండు ఆదివారాలు ఆధార్ కార్డులు, పులిహోర డబ్బాలు సంచుల్లో వేసుకొని బయలుదేరేవారు. హుజూర్‌నగర్ అయిపోయింది, మట్టపల్లి అయిపోయింది, యాదగిరిగుట్ట రెండుసార్లు అయిపోయింది. వాళ్లకు పెద్దదిక్కు జమ్లీ. త్రిపురారం దగ్గరి తండాలో పుట్టి, అంగన్‌వాడీ టీచరుగా ముప్ఫై ఏళ్లు పిల్లలను వరుసలో నిలబెట్టిన మనిషి. పెద్దవాళ్లను నిలబెట్టడం ఆమెకు మరీ సులువు.

మగవాళ్లను తీసుకుపోకూడదని వాళ్లేమీ రాసుకోలేదు. తీసుకుపోలేదు, అంతే. దీనికి కారణాలు రెండని సైదయ్య నిదానంగా ఆలోచించి తేల్చాడు. మగవాడికి టికెట్ కొనాలి. కొన్న తరువాత ఆ టికెట్ ధర గురించి అతను మాట్లాడుతుంటే దారి పొడవునా వినాలి. మొదటిదే అసలు కారణమని ఆయన నమ్మాడు.

వచ్చే నెల ఎనిమిది మందీ భద్రాచలం పోతున్నారని తెలిసిన రోజున ఆయన అన్నం సరిగా తినలేదు. తననూ తీసుకుపొమ్మని రుక్కమ్మతో చెప్పాడు. రుక్కమ్మ జమ్లీతో చెప్పింది. జమ్లీ తోసిపుచ్చనూ లేదు, ఒప్పుకోనూ లేదు. ముందు నాగార్జునసాగర్‌కు రమ్మను, లాంచీ ఎక్కి కొండ చూసి వద్దాం, మనిషి ఎట్లా ఉంటాడో చూసి భద్రాచలం సంగతి చెబుతానంది. ముప్ఫై మూడేళ్లు లక్షల మందిని ప్రయాణం చేయించిన మనిషికి ప్రయాణంలో పరీక్ష పెట్టడం సైదయ్యకు కొంచెం కష్టంగానే తోచింది. అయినా పరీక్షకు ఒప్పుకున్నాడు.

పొద్దున ప్రయాణం నిక్షేపంగా సాగింది. బస్సులో ఒక్కొక్కరూ సంచి వెతుక్కుంటే కండక్టరు సమయం వృథా అవుతుందని, ఆయన ఎనిమిది ఆధార్ కార్డులనూ ముందే అడిగి తీసుకొని, వయసు వరుసలో పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కండక్టరు ఆ కట్టను చూసి మెచ్చుకున్నాడు. తారా అనే టైలరమ్మ మాత్రం, వయసు వరుసలో తన కార్డు మూడోది ఎందుకైందని సాగర్ చేరేదాకా అడుగుతూనే ఉంది.

లాంచీలో వెళ్లి కొండ మీది మ్యూజియం చూసి, సాయంత్రం నాలుగింటికి తిరిగి రేవులో దిగారు. అసలు చిక్కు అక్కడ మొదలైంది. గేటు బయట ఆటోలు, వ్యాన్లు, కార్లు బారులు తీరి ఉన్నాయి. బస్టాండు అక్కడికి దూరం. ఆటోవాడు బస్టాండు దాకా రెండు వందలన్నాడు. వ్యానువాడు నేరుగా మిర్యాలగూడకు మూడు వేలన్నాడు. అందరూ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నది సైదయ్య మాట మీదే. సైదయ్య ఎవరి మాట మీదా సిద్ధంగా లేడు. తొందరపడి నిర్ణయించడం వివేకం కాదని చెప్పి, విచారణ మొదలుపెట్టాడు.

టీ బండివాడు మెయిన్ రోడ్డు మలుపు దగ్గర బస్సు ఆగుతుందన్నాడు. చేపలు వేయించే ఆమె ఆగదంది. గేటు దగ్గరి కాపలాదారు ఒకప్పుడు ఆగేదన్నాడు. కొబ్బరిబోండాలాయన చేయి ఎత్తేవాణ్ని బట్టి ఉంటుందన్నాడు. నలుగురి మాటలనూ సైదయ్య సమానంగా గౌరవించాడు. ఎవరు ఎన్నేళ్లుగా ఆ చోట ఉన్నారో, ఎవరికి ఆటోవాళ్లతో చుట్టరికం ఉందో కూడా అడిగి తెలుసుకున్నాడు. ఇదంతా ముగిసేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఆడవాళ్లు గోడ మీద వరుసగా కూర్చొని రెండు పొట్లాల పల్లీలు తినేశారు.

జమ్లీ లేచి, పొట్టు దులుపుకొని, సెల్లు తీసి ఎవరికో ఫోను చేసింది. మాట్లాడింది అరనిమిషం.

“లేవుండ్రి,” అంది. “హారిక బస్సు పావుగంటల మలుపు కాడికి వస్తదట. చెయ్యెత్తితే ఆపుతనన్నది.”

హారిక ఎవరని సైదయ్య అడిగాడు. మిర్యాలగూడ డిపో కండక్టరని, యాదగిరిగుట్ట పోయినప్పుడు పులిహోర పెట్టామని, అప్పటి నుంచి ఏ బస్సు కావాలన్నా ఆ పిల్లనే అడుగుతున్నామని తారా చెప్పింది. నలభై నిమిషాల విచారణకు ఒక్క పులిహోర డబ్బా సమాధానం చెప్పడం ఆయనకు న్యాయంగా తోచలేదు. కాని సాక్ష్యం బలంగా ఉంది. వాళ్ల వెనుక నడిచాడు.

బస్సు అన్న వేళకే వచ్చింది. నిండా జనం. అయినా హారిక ముందుకు జరగండని అరిచి చోటు చేసింది. ఇక ఇక్కడైనా తన అవసరం ఉందని సైదయ్యకు ఉత్సాహం వచ్చింది. తలుపు పక్కన నిలబడి ఒక్కొక్కరినీ పేరుపేరునా ఎక్కించాడు. రుక్కమ్మ సంచి అందించాడు. తారా చీర కొంగు తలుపులో పడకుండా చూశాడు. ఎనిమిది తలలు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిదీ సరిపోయాయి. ముప్ఫై మూడేళ్ల అలవాటు చేతిలోకి వచ్చి, బస్సు రేకు మీద రెండుసార్లు ధడధడ కొట్టి, గొంతెత్తి “రైట్, రైట్” అన్నాడు.

డ్రైవరు అంత నిఖార్సయిన రైట్ వినడం ఆ రోజుకు అదే మొదటిసారి కాబోలు, క్షణం ఆలస్యం చేయలేదు. బస్సు కదిలిపోయింది. అది మలుపు తిరిగాక, తాను రోడ్డు మీదే ఉన్నానని సైదయ్యకు తెలిసింది. చేయి తనంతట తానే చొక్కా జేబు మీదికి పోయింది. ఎనిమిది కార్డులూ అక్కడే ఉన్నాయి.

ఫోను మోగింది. రుక్కమ్మ కోదాడ మనిషి. ఎంత కోపమొచ్చినా మర్యాద తప్పదు. మర్యాద పెరిగిన కొద్దీ సైదయ్యకు భయం పెరిగేది.

“ఏమండీ, మీరు ఎక్కలేదటగా,” అంది. “కార్డులు మీ దగ్గరే ఉన్నాయటగా.”

హారిక మంచి పిల్లేనని, నియమం నియమమేనని ఆమె వివరించింది. సెల్లులో ఫొటో చెల్లదు, అసలు కార్డే కావాలి. బస్సులో వంద మందికి టికెట్లు కొట్టి తమ దగ్గరికి చివర వస్తానంది. హాలియాలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. అప్పటికీ కార్డులు అందకుండా హాలియా దాటితే మాత్రం ఎనిమిది మందీ డబ్బులిచ్చి టికెట్ తీసుకోవాల్సిందే. ఇన్ని ఊళ్లు తిరిగి ఒక్కనాడూ టికెట్ కొనలేదని, ఈ రోజు కొంటే అది ఎవరి పుణ్యమో వీధంతా చెప్పుకుంటుందని, వెనుక నుంచి ఎవరో అనడం సైదయ్యకు స్పష్టంగా వినిపించింది.

ఆయన లెక్క వేశాడు. ఎనిమిది టికెట్లూ కలిపి ఐదు వందలు దాటవు. కారు కట్టించుకొని హాలియా పోతే అంతకన్నా ఎక్కువే అవుతుంది. పోకపోవడమే లాభమని లెక్క తేల్చి చెప్పింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. సైదయ్య వెనక్కి తిరిగి, గంట కిందట తాను దగ్గరికి కూడా పోని కార్ల బారు వైపు దాదాపు పరుగెత్తాడు.

కారు డ్రైవరు పేరు యాకోబు. ఎనిమిది వందలన్నాడు. సైదయ్య బేరమాడకుండా ఎక్కి కూర్చున్నాడు. బేరమాడని మనిషిని చూసి యాకోబుకే అనుమానం వచ్చింది. దవాఖానకా అని అడిగాడు. కాదన్నాడు సైదయ్య. పోలీసు కేసా అన్నాడు. అదీ కాదని చెప్పి, జేబులోని కట్ట తీసి చూపించాడు.

యాకోబు చాలా దూరం ఆలోచించాడు. “అంటే పెద్దయ్యా,” అన్నాడు చివరికి, “ఆళ్లు ఉత్తగ పోవాలెనని నువ్వు ఎనిమిదొందలు కిరాయి ఇస్తున్నవ్.”

“బండి నడుపు,” అన్నాడు సైదయ్య.

పెద్దవూర దాటాక బస్సు వెనుకభాగం కనిపించింది. దాని ముందు వడ్ల లారీ, కారు ముందు గడ్డి ట్రాక్టరు. హాలియా బస్టాండులో బస్సు అప్పుడే స్టార్ట్ చేస్తున్నారు. సైదయ్య చేతికందిన నోట్లు యాకోబు చేతిలో పెట్టి, కారు ఆగకముందే దిగి, అడ్డంగా నడిచి, కట్టను హారిక చేతిలో పెట్టాడు. ఆ పిల్ల వయసు వరుసలో ఒక్కో కార్డూ చూసి, ఎనిమిది జీరో టికెట్లు కొట్టి, తలెత్తి మీకు ఎక్కడికని అడిగింది. మిర్యాలగూడకని చెప్పి ఆయన డబ్బులిచ్చాడు. బస్సులో ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. అంతటితో గౌరవంగా ముగిసి ఉండేది.

కాని యాకోబు ఫుట్‌బోర్డు మీదికి ఎక్కాడు. “పెద్దయ్యా, ఉరికినవ్ గని ఐదొందలే ఇచ్చినవ్. ఇంక మూడొందలు?”

సైదయ్య జేబులో ఇక మిగిలింది నలభై రూపాయలు. బస్సు మొత్తం ఆ సంగతి తెలుసుకుంది. రుక్కమ్మ రొంటిన దోపుకున్న చిన్న సంచి తీసి, మూడు వందలు లెక్కపెట్టి, తలల మీదుగా చేతులు మార్చి పంపింది. ఎవరూ నవ్వలేదు. బస్సు ఊరు దాటాక అందరూ ఒకేసారి నవ్వారు. ఆ నవ్వు నిడమనూరు దాకా ఆగలేదు.

నవ్వు తగ్గాక జమ్లీ ఆయన్ను దగ్గరికి పిలిచింది. కూర్చోవడానికి చోటు లేదు. ఆయన కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు.

“సైదన్నా, ఐదొందలు మిగిలిచ్చనీకి ఎనిమిదొందలు పెట్టినవ్. నువ్వు లెక్క రాని మనిషివైతే గాదు. ఎందుకు పెట్టినట్టు?”



“రైట్ కొట్టింది నేను,” అన్నాడు. “నా తప్పుకు మీరు టికెట్ కొనుడేంది?”

తారా పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది. రుక్కమ్మ ఆయన వైపు చూడలేదు గాని, ఒడిలోని సంచిని కిందికి దించి, సీటు అంచున ఒక మనిషికి సరిపోయీ సరిపోనంత చోటు చేసింది. ఆయన ఆ చోట కూర్చున్నాడు.

“భద్రాచలం రా,” అంది జమ్లీ. “గని ఒక్క షరతు. ఏ బస్సు, ఎప్పుడు, ఎంత, ఎటునుంచని ఎవల్నీ అడగొద్దు. ఎవలికీ చెప్పొద్దు. మేం ఎక్కుమన్నప్పుడు ఎక్కాలె.”

సైదయ్య తల ఊపాడు.

వేములపల్లి రోడ్డు కలిసే చోట బస్సు ఆగింది. మూట నెత్తిన పెట్టుకున్న ముసలమ్మ ఒకామె కిటికీ దగ్గరికి వచ్చి, ఈ బస్సు సూర్యాపేట పోతదా అయ్యా అని ఆయన్నే అడిగింది. పోదు. మిర్యాలగూడలో దిగి, ఆరు ఇరవైకి రెండో ప్లాట్‌ఫాం మీద నిలబడితే సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ వస్తుంది. అది తప్పితే ఏడింటికి కోదాడ బస్సు ఎక్కి మధ్యలో మారవచ్చు. ఇవన్నీ సైదయ్య నాలుక కొస మీదికి వచ్చాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు తల తిప్పి ఆయన నోటి వైపు చూస్తున్నారు.

ఆయన నోరు మూసుకొని, మర్యాదగా, హారిక వైపు వేలు చూపించాడు.