పళ్ళాయన పాత కారు

ఆ వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఒక్కసారైనా ఆయన గుమ్మం ముందు సంచి పట్టుకుని నిలబడతారు.

"పళ్ళాయన ఇల్లు ఇదేనటగా అండీ? బత్తాయిలు ఉన్నాయా?"

ఆయన నొచ్చుకోడు. "బత్తాయిలు లేవండీ. పై వరసా, కింద వరసా ఉన్నాయి. ఏది కావాలి?" అని తాపీగా అడుగుతాడు. వచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తే, లోపలి నుంచి భార్య వచ్చి విషయం చెప్పి పంపిస్తుంది. ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టరు ఆస్పత్రి వెనక ఒంటి కిటికీ గదిలో ముప్ఫై ఏళ్ళుగా మైనంతో చిగుళ్ళు మలిచి, వాటిలో ఒక్కొక్క పన్నూ గుచ్చి, గులాబీ రంగు పొడిని ద్రవంతో కలిపి అచ్చుకెక్కించి ఉడికిస్తున్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగంమంది ఆయన చేతి చలవతోనే నవ్వుతున్నారు. వాళ్ళలో ఆయన అత్తగారు కూడా ఉంది.

భార్య బడిలో లెక్కలు చెబుతుంది. వీధికంతా టీచరమ్మ. ఆమెకు ఇంట్లో ఇద్దరు మొండి విద్యార్థులు. ఒకరు భర్త, రెండోది వాకిట్లో ఉన్న కారు.

ఆ కారుకు పాతికేళ్ళు. ఆయన కొనేటప్పటికే పన్నెండేళ్ళది. మీగడ రంగు ఒళ్ళు, ఎడమ పక్క ముందు తలుపు మాత్రం ముదురు ఎరుపు. అసలు తలుపు తుప్పు పట్టి అడుగు ఊడిపోతే, ఊరి చివర పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే షెడ్డులో దొరికిన తలుపది. ఆ షెడ్డు యజమానిని అందరూ ‘ఉందిలే’ అంటారు. ఏ సామాను పేరు చెప్పినా ముందు "ఉందిలే" అంటాడు, వెతకడం ఆ తరవాత. తలుపు అచ్చంగా అతికినట్టు సరిపోయిందని పళ్ళాయన పొంగిపోతూ ఇంటికి తెస్తే, టీచరమ్మ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఆ పక్క నుంచి చూస్తే మన కారే. ఈ పక్క నుంచి చూస్తే ఎవరిదో ఎత్తుకొచ్చినట్టుంది."

"రంగుదేముంది, వేయించేద్దాం" అన్నాడాయన. ఆ మాట అని ఆరేళ్ళయింది.

ఈ కారును ఆయన నడిపిన దూరం కంటే దాని కింద పడుకున్న కాలం ఎక్కువని బావమరిది అంటూ ఉంటాడు. టీచరమ్మ తమ్ముడు కొత్త కార్లమ్మే షోరూంలో పని చేస్తాడు. అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా బల్ల మీద ఒక రంగుల పుస్తకం పెట్టి వెళతాడు. పళ్ళాయన దాన్ని శ్రద్ధగా తిరగేస్తాడు. చివర్లో, "ఈ సీటు తొడుగు బాగుందిరా. ఇలాంటిది మన దానికి దొరుకుతుందా?" అని అడుగుతాడు. బావమరిది నెత్తి కొట్టుకుంటాడు.

నిజానికి ఆయన చేతిలో పనితనం ఉంది. హెడ్‌లైట్ల అద్దాలు పసుపెక్కి, చుక్కల మందు వేసుకున్న కళ్ళలా మసకబారితే, కట్టుడు పళ్ళకు మెరుగు పెట్టే తెల్లపొడి తెచ్చి రెండు ఆదివారాలు రుద్దాడు. అద్దాలు తళతళలాడాయి. "ఇక రెండుపూటలా బ్రష్షు కూడా చేయించండి" అంది టీచరమ్మ.

అన్నిటికంటే పెద్ద విజయం కిటికీ అద్దం. వానాకాలంలో ఒకరోజు డ్రైవరు పక్క అద్దం కిందికి దిగి, మరి పైకి రానంది. తలుపు విప్పి చూస్తే అద్దాన్ని ఎత్తే చిన్న ప్లాస్టిక్కు చక్రానికి మూడు పళ్ళు ఊడిపోయి ఉన్నాయి. కంపెనీ దుకాణంలో ఆ మోడలు సామాను ఆపేసి ఏళ్ళయిందన్నారు. ఉందిలే "ఉందిలే" అన్నాడు గానీ, గంటసేపు వెతికి లేదని తేల్చాడు. పళ్ళాయన ఆ చక్రాన్ని రుమాలులో చుట్టుకుని తన గదికి పట్టుకెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళుగా ఊడిన పళ్ళు కట్టడమే కదా ఆయన పని! అచ్చు తీశాడు, మైనంతో ఆ మూడు పళ్ళూ కట్టాడు, పొడి కలిపాడు, ఉడికించాడు. సాయంత్రానికి నిగనిగలాడే చక్రం తయారైంది. అచ్చం చిగుళ్ళ రంగు.

బిగించి మీట నొక్కితే అద్దం సర్రున పైకి లేచింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

అత్తగారు వరండాలో కూర్చుని అంతా చూస్తోంది. "అల్లుడుగారూ, నాకు చేసిన పళ్ళు వేసవిలో కొంచెం వదులవుతున్నాయి. మరి దానివీ అంతేనా?" అంది.

"దానికి మీలా మాట్లాడే పని లేదు కదత్తయ్యా" అన్నాడాయన. టీచరమ్మ నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

ఆ గెలుపు ఆయన తలకెక్కింది. బాగు చేయడంతో ఆగక హంగులు మొదలుపెట్టాడు. వెనక్కి నడిపేటప్పుడు దారి చూపే కెమెరా ఒకటి చవగ్గా దొరికితే తెచ్చి పెట్టాడు. బొమ్మ చక్కగానే కనబడేది, కాకపోతే కుడి ఎడమలు తారుమారుగా. వాకిట్లో పూలకుండీని తప్పిస్తున్నాననుకుని తిన్నగా కుండీ మీదికే పోనిచ్చాడు. "ఇన్నాళ్ళూ చూడకుండా తప్పించారు. ఇప్పుడు చూస్తూ గుద్దారు" అంది భార్య. ఆ తరవాత కళ్ళు జిగేల్మనే తెల్లటి లైట్లు వచ్చాయి. లారీ వెనక్కి తిరిగి చూసేంత గట్టి హారనూ వచ్చింది.

ఇన్ని వేషాలు వేసినా ఆయనకో నియమం ఉండేది. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, ఈ మూడింటి జోలికి మాత్రం పాతవీ చవకవీ రానిచ్చేవాడు కాదు. మేలైనవి కొని మెకానిక్ చేతే వేయించేవాడు. మనిషిని నవ్వించేవి ఏవైనా పరవాలేదు, మనిషిని ఆపేవి మాత్రం అసలైనవి కావాలనేవాడు.

ఆ నియమాన్ని ఆయనే ఒకసారి తప్పాడు.

కారును తనిఖీకి తీసుకెళ్ళాల్సిన గడువు దగ్గరపడింది. అందులో నెగ్గితేనే ఇంకో ఐదేళ్ళు రోడ్డెక్కనిస్తారు. ఇంకేవో చిన్న సామాన్ల కోసం ఉందిలే దగ్గరికి వెళ్ళినప్పుడు, బ్రేకు ప్యాడ్లు అరిగాయని యథాలాపంగా అన్నాడు. ఉందిలే వెతకనైనా వెతకకుండా చేయి చాపి ఒక డబ్బా తీశాడు. వెండి అక్షరాలతో మెరిసిపోతున్న కొత్త డబ్బా.

"పాతవి కావండోయ్, సీలు కూడా తియ్యలేదు. పెద్ద కంపెనీవాళ్ళకి చేసేవాళ్ళే వీళ్ళకీ చేస్తారు. పేరు ఒక్కటే తేడా."

ఎవరు చేస్తే ఏమిటని తన పళ్ళసెట్ల దగ్గర ఎన్నడూ అనని మనిషి, ఆ రోజు ఆ మాట నమ్మాడు. చవగ్గా కొట్టేశానన్న సంబరం అలాంటిది. ఆదివారం పొద్దున్నే తనే చక్రాలు విప్పి బిగించేశాడు. ఎవరికీ చెప్పలేదు.

గురువారం టీచరమ్మ తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక తాళాలు బల్ల మీద పెట్టి, "బ్రేకు సరిగా పడటం లేదు. చూడండి" అంది. అంతే. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయనకు ఏదో తేడా కొట్టింది. ఎప్పుడూ అయితే ఆ మాటకు ముందో వెనకో ఒక చురక ఉండేది. భోజనాల దగ్గరా లేదు. మర్నాడు ఉదయం కావాలనే, "కారు మారాం చేసిందా ఏమిటి?" అని కదిపాడు. "బడికి టైమవుతోంది" అని ఆమె బస్సుకు వెళ్ళిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె కోపం చూశాడు, అలక చూశాడు. ఎగతాళి మానేయడం మాత్రం చూడలేదు.

సంగతి అత్తగారు చెప్పింది. వంతెన దిగుతుంటే కింద ఎర్రలైటు పడిందట. అమ్మాయి బ్రేకు తొక్కింది, కారు ఆగలేదు. రెండు కాళ్ళతో తొక్కిందట. గీత దాటి సగం కారు ముందుకు పోయాక ఆగింది. తోపుడు బండి మనిషి ఒకడు బండి వదిలేసి పక్కకు దూకాడు.

"ఎవరికీ ఏం కాలేదులెండి. కాలిన వాసన మాత్రం గుప్పుమంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మాయి మాత్రం ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు."

పళ్ళాయన ఇక అక్కడ నిలబడలేదు. వెంటనే వాకిట్లోకి వెళ్ళి చక్రం విప్పాడు. వారం తిరగని ప్యాడ్లు సగానికి అరిగిపోయి, అంచులు బిస్కెట్టులా రాలుతున్నాయి. ఒకటి విరిచి వెలుగులో పెట్టి చూశాడు. లోపలంతా సన్నటి బెజ్జాలు. ఆ బెజ్జాలు ఆయనకు బాగా తెలుసు. తొందరపడి సరిగా ఉడికించని పళ్ళసెట్టూ లోపల అలాగే ఉంటుంది. పైకి నిగనిగలాడుతుంది, నెల తిరక్కుండా నోట్లోనే పగులుతుంది. అలా చేసినందుకు ఒక పనివాణ్ణి తనే ఒకప్పుడు గదిలోంచి పంపేశాడు.

టీచరమ్మ బడి నుంచి వచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన వెండి అక్షరాల డబ్బా.

"ఇవి నేనే వేశాను. ఉందిలే దగ్గర కొని. నీకు చెప్పలేదు" అన్నాడు తలెత్తకుండా.

ఆమె డబ్బా తీసి చూసింది, మూత పెట్టింది. ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"అద్దానికి చిగుళ్ళ రంగు చక్రం పెట్టారు, నవ్వుకున్నాను. నాలుగు రంగుల తలుపులు పెట్టండి, నవ్వుకుంటాను. బ్రేకు దగ్గర మాత్రం నన్ను నవ్వించకండి. నాకు చేతకాదు."

"తప్పయిపోయింది."

"ఆ బండివాడు దూకినప్పుడు..." అని ఆగిపోయింది. ఆయన ఆమె చేతి మీద చేయి వేశాడు. గ్రీజు అంటిందని ఆమె విసుక్కుంది గానీ చేయి తీసుకోలేదు.

మర్నాడే కంపెనీ ప్యాడ్లు వచ్చాయి. ఈసారి మెకానిక్ బిగించాడు. టీచరమ్మ దగ్గరుండి వేయించి, అదే వంతెన మీద నుంచి తనే నాలుగుసార్లు కారు దింపి చూసుకుంది. పళ్ళాయనను మాత్రం వెనక సీట్లో కూర్చోబెట్టింది.

తనిఖీ రోజున ఇద్దరూ కలిసే వెళ్ళారు. అక్కడి అధికారిణి నవ్వే అలవాటు లేని మనిషి. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి వెనక పెన్ను. కారును తిరిగే రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకులు చూసింది, టిక్కు పెట్టింది. టైర్లు, టిక్కు. పొగ చూసి, మళ్ళీ చూసి, ఒప్పుకోక తప్పనట్టు టిక్కు పెట్టింది. పళ్ళాయన ఊపిరి తీసుకోబోతుండగా, "లైట్లు వేయండి" అంది. వేయగానే కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "హారను?" కొట్టగానే అట్ట చేతిలోంచి జారింది.

"ఇవి రెండూ చెల్లవు. అసలు బల్బులు, అసలు హారను పెట్టుకుని రండి. కాగితంలో కారు రంగు మీగడ అని ఉంది. ఆ తలుపు సంగతేమిటి?"

పళ్ళాయన నీళ్ళు నమిలాడు. "వేయించేద్దామనే..."

"ఆరేళ్ళ నుంచీ అనుకుంటున్నారండి" అంది టీచరమ్మ, ఎంతో వినయంగా. ఆ మాట చెవిన పడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. చురక తిరిగొచ్చింది. తనిఖీ తప్పిన మనిషి అంత సంతోషంగా ఇంటికి వెళ్ళడం ఆ అధికారిణి చూసి ఉండదు.

వారంలో తలుపుకు రంగు పడింది. అటక మీద దాచిన పాత బల్బులు, పాత హారను మళ్ళీ కొలువులో చేరాయి. రెండోసారి కారు నెగ్గింది. కబురు తెలిసి బావమరిది ఫోను చేశాడు. "ఇంకో ఐదేళ్ళా బావా! ఈలోగా నేను రిటైరవుతానేమో!"

టీచరమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. ఇక మీదట ఉందిలే షెడ్డుకు ఆయన ఒంటరిగా వెళ్ళడానికి వీల్లేదు, తనూ వస్తుంది. మొదటి ఆదివారమే బయలుదేరింది. ముందు ఉందిలేను నిలబెట్టి, బ్రేకు ప్యాడ్ల గురించి తరగతిలో అడిగినట్టు అడిగింది. అతను తలగోక్కున్నాడు, ఆ డబ్బాలన్నీ తీయించేస్తానన్నాడు. "తీయించేస్తానంటే కాదు, ఇప్పుడే, నా ముందు" అంది. మిగిలిన నాలుగు డబ్బాలూ బయటికొచ్చి చెత్తలో పడ్డాయి.

ఆ తరవాత, వచ్చాం కదా అని, షెడ్డు ఒకసారి చూసొస్తానంటూ లోపలికి వెళ్ళింది. పళ్ళాయన కారులో కూర్చుని ఎదురుచూశాడు. పావుగంటయింది. అరగంటయింది. లోపల నుంచి "ఇది పైకెత్తండి, దాని వెనక ఏముంది?" అన్న మాటలు వినబడుతున్నాయి. గంట దాటాక ఉందిలే, అతని పనివాడు కలిసి ఒక సీటు మోసుకొచ్చారు. ఏదో పెద్ద కారులోది. చేతులు ఆనించుకునే దిమ్మలు, తల వెనక మెత్త, పక్కన ఎత్తూ పల్లం సరిచేసే మీట. వెనకే టీచరమ్మ, జుట్టు నిండా దుమ్ముతో.

"నా నడుముకి సరిగ్గా సరిపోయింది. కూర్చుని చూశాను."

పళ్ళాయన దిగి చుట్టూ తిరిగి చూశాడు. "మన కారులో పట్టదే. వెడల్పు చూడు."

"నాలుగు వేళ్ళే ఎక్కువ. కొలిచాను. కింద పట్టీలు మారిస్తే పడుతుంది."

"రంగు కూడా వేరే..."

"రంగుదేముందండీ" అంటూ ఆమె వెనక తలుపు తెరిచింది. "ముందు ఆ చివర పట్టుకోండి."